ముప్పై ఎనిమిది

రెండు ఇనప మేకులు కొట్టి వెళ్లారు జిల్లా వాళ్లు,
పగులుకి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి.
నా చేతికో పసుపు టేపు ఇచ్చి
శుక్రవారం శుక్రవారం కొలిచి ఫోన్లో చెప్పమన్నారు.
నలభై సెంటీమీటర్లు దాటితే
వాలంతా ఖాళీ చెయ్యాలన్నారు.
పుస్తకంలో రాసుకున్నారు: నమరోమె, కొలతల మనిషి.

మా కాఫీ తోటలోంచే పోతుంది ఆ పగులు.
మొదట్లో చీమలు దాటేవి.
తర్వాత కోడిపిల్ల పడి రాత్రంతా అరిచింది.
ఇప్పుడు మా అత్త దాని మీద
అరటి బోదె అడ్డం వేసుకుని
అవతలి పొయ్యికి నిప్పు పట్టుకుపోతుంది.
"నేల కదా, ఆవులిస్తుంది" అంటుంది.

ఎల్గాన్ కొండ ఇది.
కంచెకి పాతిన ఎండుకర్ర కూడా చిగురేస్తుంది,
కంచెతో సహా కిందికి నడిచి వస్తుంది.

ఒకసారి వెళ్లాం, దాచడమెందుకు.
లారీలో, మేకతో సహా, ఉత్తరాన చదును నేలకి.
రేకుల ఇల్లు, వరసలో నూట నాలుగోది.
అక్కడ కుండ దొర్లితే దొర్లిన చోటే ఆగేది.
వాన నీళ్లు ఎటు పోవాలో తెలియక
గుమ్మం ముందు నిలబడేవి.
కాఫీ మొక్క నాటితే
మూడు నెలలు నా మొహం చూసి, ఎండిపోయింది.
వాగు చప్పుడు లేక మా ఆయన వెపుకులు
నడిరేయి లేచి
ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి
నీళ్లు పోస్తూ కూర్చునేవాడు.
రెండో ఏడు తిరిగొచ్చేశాం.

అందుకే
టేపు నలభై రెండు చూపిన శుక్రవారం
నేను ముప్పై ఎనిమిదన్నాను.
నలభై అయిదప్పుడూ ముప్పై ఎనిమిదే.
"కుదురుకుంది" అన్నాడు ఫోన్లో కుర్రాడు, సంతోషంగా.
పళ్లు ఎర్రబడుతున్నాయి. ఇంకొక్క కోత.
అది అబద్ధమని కూడా అనుకోలేదు,
కొండ దగ్గర తీసుకున్న చేబదులు అనుకున్నాను.

ఆరో రోజు వాన.
లాంతరు పెట్టుకుని పగులు పక్కనే కూర్చున్నాను,
పుట్ట దగ్గర కాపలా కాసినట్టు,
వస్తే ఇక్కణ్ణుంచే వస్తుందని.

ఎదుటి వాలు నుంచి వచ్చింది.
మేకులు లేని వాలు. ఎవరూ కొలవని
ముతోన్యి వాళ్ల వైపు.
పెద్ద శబ్దం అంటారు అందరూ.
నాకు వినబడింది వాగు ఆగిపోవడం.
నేను పుట్టాక మొదటిసారి అది నోరు మూసుకుంది.
ఆ తర్వాత వాసన,
అప్పుడే తిరగేసిన పొలం వాసన.
మంచి వాసన.
ఇది నేనెవరికీ చెప్పలేదు.

తెల్లారి చూస్తే ఎదుటి కొండది
తోలు ఒలిచిన మేక రంగు.
గంటగా కొట్టే లారీ చక్రం దొరికింది,
బడి దొరకలేదు.
ముతోన్యి ఇల్లు ఎక్కడుండేదో
వాళ్ల కుక్కకి మాత్రం తెలిసినట్టు
ఒకేచోట తిరుగుతోంది.

మిగిలినవాళ్లు పదకొండు మంది
మా వంటింట్లో పడుకున్నారు,
పగులుకి దిగువన.
అత్త అరటికాయలు ఉడకేసి ఆకుల్లో పెడుతోంది,
ఎవరూ తినకపోయినా మళ్లీ పెడుతోంది.
ముతోన్యి మనవరాలు ఖైన్జా, ఏడేళ్లది,
టేపు లాగి వదిలి, లాగి వదిలి
"ఇదేం కొలుస్తుంది?" అంది.
"పట్టుకో" అన్నాను. "ఆ మేకు దగ్గర. గట్టిగా."

శుక్రవారం కాదు, మంగళవారం.
అయినా ఫోన్ చేశాను.
"చెప్పమ్మా" అన్నాడు కుర్రాడు. గొంతు బొంగురుపోయింది.
సగం నిండిన కాఫీ బుట్ట వానలో నానుతోంది.
"యాభై ఒకటి."
అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు.
"కిందటి వారం ముప్పై ఎనిమిది కదా?"

పిల్ల ఇంకా ఆ ఒడ్డునే ఉంది,
టేపు కొస రెండు చేతులా పట్టుకుని,
నేను చెప్పేదాకా వదలనట్టు.